తీగమీది సేవలు, కేంద్రములోని మెదడు: నెట్‌వర్కుల నూతన విధానముపై ఒక విమర్శ

విజయవాడలో ప్రకాశం బ్యారేజి వద్ద నిలిచిన కృష్ణనీరు ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ మున్నగు మార్గముల వెంట తూర్పు డెల్టాకు పోవుచున్నది. పడమటి డెల్టాకు వేరుగా కాలువలు కలవు. 1855లో పూర్తియైన ఆనకట్టయే ఈ ఏర్పాటునకు పునాది. 1957లో దాని స్థానమున బ్యారేజి వచ్చినది. సుమారు 13 లక్షల ఎకరముల భూమి ఈ నీటిపై ఆధారపడి యున్నది. ఏ కాలువకు ఎంత నీరు విడువవలెనో బ్యారేజి వద్ద నిర్ణయింతురు. ఆ నీరు ఏ పొలమునకు ఎప్పుడు చేరునో మాత్రము దారిలోని లాకులు, తూములు, వాని షట్టర్లను ఎత్తి దించు లస్కర్లు, వంతుల పద్ధతి కలసి నిర్ణయించును. ఎగువ రైతునకు ముందు నీరు దొరకుననియు, శివారు ఆయకట్టు రైతు ఎదురు చూడవలసి వచ్చుననియు డెల్టాలో ప్రతి బాలునికిని తెలియును.

ఇదే నేలమీద ఇటీవల మరియొక పంపిణీ వ్యవస్థ ఏర్పడినది. 2015లో స్థాపితమై విజయవాడ ప్రధాన కార్యాలయముగా పనిచేసిన ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ, గాజు తంతువులు గల కేబులును భూమిలో పాతుటకు మారుగా కరెంటు స్తంభములపై లాగించి, గ్రామములకు తీసికొనిపోయినది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకమును ప్రారంభించిరి. ఇంటర్నెట్టు, టెలిఫోను, టెలివిజను అను మూడు సేవలను ఒకే తీగమీద, నెలకు 149 రూపాయల ప్రారంభ ధరకు ఇచ్చుట అప్పటి ప్రకటన. ఇంటి గడప వరకు తీగను తెచ్చు పనిని చాలవరకు ఊరిలోని కేబులు ఆపరేటర్లకే అప్పగించిరి.

ఇట్టి వ్యవస్థలకు తగినదని నిపుణులు పొగడుచున్న నూతన విధానమొకటి కలదు. నెట్‌వర్కును సాఫ్ట్‌వేరుతో శాసించుట, నెట్‌వర్కు చేయు పనులను ప్రత్యేక యంత్రముల నుండి విడదీసి సామాన్య కంప్యూటర్లపై నడుపుట, ఈ రెంటిని జోడించి ప్రజలకు సేవలందించుట: ఇదియే ఆ విధానము. దీని గుణములెట్టివి? దోషములెట్టివి? డెల్టా శివారున నున్న ఇంటికి ఇది ఎంతవరకు మేలు చేయగలదు? ఈ ప్రశ్నలను పరిశీలించుట అవసరము.

రెండు భావములు

నెట్‌వర్కులో సమాచారము చిన్న చిన్న ప్యాకెట్లుగా ప్రయాణము చేయును. దారిలోని ప్రతి కూడలి యందును ఒక స్విచ్చి గాని రౌటరు గాని ఉండును. పూర్వపు పద్ధతిలో ఈ యంత్రము రెండు పనులు చేసెడిది. ప్యాకెట్టు ఏ దారిని పోవలెనో ఆలోచించుట ఒకటి. ఆ దారిలోనికి దానిని నెట్టుట రెండవది. ప్రతి లాకు వద్దను ఒక ఇంజినీరును, ఒక లస్కరును కూర్చుండబెట్టినట్లు ఈ ఏర్పాటు ఉండెడిది. ఇంజినీర్లందరు ఒకరితో నొకరు మాటలాడుకొని దారులను నిశ్చయించుకొనెడివారు.

సాఫ్ట్‌వేరు నిర్దేశిత నెట్‌వర్కులో ఈ రెండు పనులను వేరు చేయుదురు. ఆలోచించు పని కంట్రోలరు అను కేంద్రపు కంప్యూటరునకు చేరును. కూడలి యందలి స్విచ్చి, కేంద్రము పంపిన పట్టికను చూచి ప్యాకెట్లను నెట్టు లస్కరుగా మిగులును. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన నిక్ మెక్యూన్ మున్నగువారు 2008లో ప్రకటించిన ఓపెన్‌ఫ్లో పద్ధతి ఈ భావమునకు ప్రచారము కల్పించినది.

రెండవ భావము 2012లో వెలువడినది. ఆ సంవత్సరము అక్టోబరులో పలు దేశముల టెలిఫోను సంస్థలు కలసి ఒక పత్రము ప్రకటించినవి. అనుమతి లేని సమాచారమును అడ్డగించు ఫైర్‌వాల్, చిరునామాలు మార్చు యంత్రము మొదలగు ఒక్కొక్క పనికి ఒక్కొక్క ఖరీదైన పెట్టెను కొనవలసి వచ్చుచున్నదనియు, ఆ పనులను ప్రోగ్రాములుగా వ్రాసి మామూలు సర్వర్లపై నడుపవచ్చుననియు దాని సారాంశము. దీనికి నెట్‌వర్కు విధుల వర్చువలీకరణము అని పేరు.

ఈ రెండును కలసినప్పుడు సేవల గొలుసు ఏర్పడును. ఒక పాఠశాలకు వచ్చు ఇంటర్నెట్టు మొదట ఫైర్‌వాల్ గుండా, పిమ్మట పిల్లలకు తగని విషయములను వడగట్టు ప్రోగ్రాము గుండా రావలెననుకొందము. రెండవ భావము ఆ ప్రోగ్రాములను సృష్టించును. మొదటి భావము ప్యాకెట్లను వాని గుండా నడిపించును. ఒకటి మర అయినచో మరియొకటి ఆ మరకు నీరు తెచ్చు కాలువ.

‘మిథ్య’ అను మాట

తెలుగు విద్యార్థికి వర్చువల్ అను మాట భౌతికశాస్త్రములో పరిచితమే. అద్దములో కనబడు నీడను మిథ్యా ప్రతిబింబమందుము. దానిని తెరమీద పట్టలేము. ఈ అనువాదమునే ఇక్కడ వాడినచో పొరపాటు కలుగును. వర్చువల్ ఫైర్‌వాల్ అద్దములోని నీడ వంటిది కాదు. అది నిజముగా ప్యాకెట్లను ఆపును, నిజముగా విద్యుత్తును వాడుకొనును, వేడిని పుట్టించును, చెడిపోవును కూడ. దానికి సొంతముగా ఒక యంత్రము లేదు, అంతియే. అది ఇతర ప్రోగ్రాములతో కలసి ఒక యంత్రములో కాపురముండును.

ఈ భేదము మాటలకు మాత్రమే సంబంధించినది కాదు. యంత్రములు మాయమగునని, ఖర్చు మాయమగునని చెప్పువారి వాదమంతయు ఈ మాట చుట్టునే తిరుగుచున్నది. వాస్తవమున ఖర్చు ఒకచోటి నుండి మరియొకచోటికి మారుచున్నది. ఇంటిలోని పెట్టె తేలికయగును. కేంద్రములోని సర్వరు బరువగును. గాజు తంతువు గుండా వచ్చు కాంతిని విద్యుత్ సంకేతముగా మార్చు పరికరము ఇంటిలో ఉండియే తీరవలెను. దానిని ఏ ప్రోగ్రామును తొలగింపజాలదు.

లాభమెక్కడ?

ఈ విధానము విజయము పొందిన చోట్లు కలవు. తన డేటా కేంద్రములను కలుపు దూరపు తీగలను ఈ పద్ధతిలో నడిపి, అనేక మార్గములను దాదాపు పూర్తిగా నింపగలిగితిమని గూగుల్ సంస్థ 2013లో ప్రకటించినది. సాధారణముగా ఇట్టి మార్గములను సగటున 30, 40 శాతమునకు మించి నింపరు. ఇది గొప్ప లాభమే. అయితే దానికి కారణములను గమనింపవలెను. అక్కడ తీగలు, కూడలులు, ప్యాకెట్లు, వానిని పుట్టించు ప్రోగ్రాములు అన్నియు ఒకే సంస్థవి. ఏ పని ఆగవచ్చునో, ఏది ఆగరాదో దానికి తెలియును. కూడలులు కొన్ని మాత్రమే. ఒక గ్రామములో పరీక్ష ఫలితములు చూచు బాలునితో “నీవు అరగంట ఆగుము” అని చెప్పుటకు ఏ కంట్రోలరునకును అధికారము లేదు. ఒకచోటి ఫలితమును మరియొకచోటికి యథాతథముగా తెచ్చుట శాస్త్రీయము కాదు.

అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ 2020 నాటికి తన నెట్‌వర్కులో 75 శాతమును ఈ విధముగా మార్చుట లక్ష్యమని ప్రకటించినది. అంతటి సంస్థయే 2021లో తన 5జీ సేవలకు ఆధారమైన నెట్‌వర్క్ క్లౌడు సాంకేతికమును మైక్రోసాఫ్ట్‌నకు అప్పగించినది. విధానము విఫలమైనదని దీని అర్థము కాదు. సాఫ్ట్‌వేరును వ్రాయుట ఒక విద్య, దానిని ఏండ్ల తరబడి నిలబెట్టుట వేరొక విద్య అని మాత్రము తెలియుచున్నది.

గ్రామీణ నెట్‌వర్కునకు నిజమైన లాభము వేరొకచోట ఉన్నది. వేయి పాఠశాలలకు క్రొత్త వడపోత కావలెననుకొందము. పాత పద్ధతిలో వేయి పెట్టెలు మార్చుటకు మనుష్యులు వేయి ఊళ్లు తిరుగవలెను. నూతన పద్ధతిలో ఒక ప్రోగ్రామును మార్చి, ప్యాకెట్ల దారిని మార్చిన చాలును. ఈ లాభమును తక్కువగా చూడరాదు.

మూడు లెక్కలు

పొగడ్తను గాని తెగడ్తను గాని లెక్కతో తూచుట మంచిది. మొదట కాలమును చూతము. కంట్రోలరు దూరముగా నున్నచో ఆలస్యమగునని కొందరు ఆక్షేపింతురు. కాంతి గాజులో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. విజయవాడ నుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. పోయి వచ్చుటకు కావలసిన కాలము 140ని 2 లక్షలచే భాగింపగా వచ్చు 0.0007 సెకను. కంట్రోలరు 350 కిలోమీటర్ల దూరమున విశాఖపట్టణములో నున్నదనుకొన్నను 0.0035 సెకను మాత్రమే. కేబులు మార్గము వంకర తిరిగి దీనికి రెట్టింపైనను మనుష్యుడు గుర్తింపలేడు. కాబట్టి దూరమును గూర్చిన ఈ ఆక్షేపణలో బలము లేదు.

రెండవది టెలివిజను లెక్క. ఇండ్లకు ఫైబరు సేవలిచ్చు జీపాన్ పద్ధతిలో ఒక తంతువుపై సెకనుకు సుమారు 2,488 మెగాబిట్లు దిగువకు వచ్చును. దానిని 64 ఇండ్లు పంచుకొనుచున్నవనుకొందము. ఒక్కొక్క ఇంటికి వేరువేరుగా 3 మెగాబిట్ల చిత్రమును పంపినచో 192 మెగాబిట్లు కావలెను. ఆ 64 ఇండ్లవారును కలసి 10 చానెళ్లనే చూచుచున్నచో, ఒక్కొక్క చానెలును ఒకేసారి పంపి, ఎవరికి కావలసినది వారు గ్రహించునట్లు చేయవచ్చును. అప్పుడు 30 మెగాబిట్లే చాలును. ఈ పనిని తీగ చివర నున్న సాదా యంత్రమే చేయగలదు. ప్రతి పనిని కేంద్రపు సర్వరునకు తరలించుట తెలివి కాదని ఈ ఉదాహరణ చెప్పుచున్నది. నీటిని పొలము ప్రక్కనే పంచవలెను గాని బ్యారేజి వద్ద నుండి ప్రతి మడికి ఒక కాలువ త్రవ్వరు గదా!

మూడవది నమ్మకపు లెక్క. ఒక ప్రోగ్రాము నూటికి 99.9 పాళ్లు పనిచేయుననుకొందము. ఏడాదికి 8,760 గంటలు గనుక అది సుమారు 9 గంటలు మాత్రమే ఆగును. అట్టివి 5 ప్రోగ్రాములు గొలుసుగా నున్నప్పుడు ఏ ఒక్కటి ఆగినను సేవ ఆగును. 0.999ని అయిదుసార్లు గుణింపగా సుమారు 0.995 వచ్చును. అనగా ఏడాదికి సుమారు 44 గంటలు సేవ నిలిచిపోవును. గొలుసు బలము దాని లంకెల సంఖ్యపై కూడ ఆధారపడి యుండును. ప్రతి లంకెకు ప్రక్కన మారు లంకె నుంచినప్పుడే ఈ దోషము తగ్గును. అప్పుడు ఖర్చు పెరుగును.

అసలు లోపము

పై మూడింటికంటె ముఖ్యమైన ప్రశ్న మరియొకటి కలదు. కేంద్రముతో సంబంధము తెగినప్పుడు ఏమగును?

కృష్ణా డెల్టాలో ఇది ఊహామాత్రమైన ప్రశ్న కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పది వేలమందికి పైగా మరణించిరి. స్తంభములు కూలి, తీగలు తెగి, అక్కడి ఘోరము బయటి లోకమునకు తెలియుటయే ఆలస్యమైనది. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు గట్లు తెగి విజయవాడలోని సింగ్ నగర్ మున్నగు పేటలు మునిగినవి. అదే సమయమున ప్రకాశం బ్యారేజి వద్ద ప్రవాహము 11 లక్షల 43 వేల క్యూసెక్కులకు చేరినది. మునిగిన పేటలలో కరెంటు నిలిపివేయవలసి వచ్చినది.

ఇక్కడ విద్యార్థులు ఒక భౌతిక సత్యమును జ్ఞాపకముంచుకొనవలెను. పూర్వపు టెలిఫోను రాగి తీగమీద నడచెడిది. దానికి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజి నందలి బ్యాటరీల నుండి ఆ తీగ ద్వారానే వచ్చెడిది. ఇంటిలో దీపము లేకున్నను టెలిఫోను మ్రోగెడిది. గాజు తంతువు కాంతిని తెచ్చును గాని విద్యుత్తును తేదు. ఇంటిలో కరెంటు పోయినచో, బ్యాటరీ లేని పక్షమున, ఫైబరు టెలిఫోను మూగపోవును. సాఫ్ట్‌వేరు ఎంత తెలివైనదైనను ఈ సత్యమును మార్పలేదు.

కంట్రోలరు ఆజ్ఞలు సాధారణముగా సేవలు ప్రయాణించు కేబులు మీదుగానే పోవును. గాలివానకు స్తంభము పడినచో సేవతోపాటు ఆజ్ఞయు ఆగును. ఓపెన్‌ఫ్లో నియమములు ఇట్టి స్థితికి రెండు మార్గములు చూపినవి. ఒకదానిలో స్విచ్చి తనవద్ద అంతకుముందున్న పట్టిక ప్రకారము పనిచేయుచు, క్రొత్తగా కేంద్రమును అడుగవలసి వచ్చిన ప్యాకెట్లను వదలివేయును. రెండవదానిలో స్విచ్చి పాత కాలపు యంత్రమువలె స్వయముగా దారి చూచుకొనును. మొదటి మార్గములో పాత దారులు మిగిలినను క్రొత్త అవసరము తీరదు. వరద రాత్రి కావలసినది క్రొత్త అవసరమే: ఎన్నడును పిలువని నంబరును పిలువవలెను, ఎన్నడును వెళ్లని దారిని పోవలెను.

చెరువునకు అలుగు ఎందుకున్నదో డెల్టా రైతు ఎరుగును. నీరు మట్టమును మించినప్పుడు అలుగు ఎవరి ఉత్తరువు కొరకును ఆగదు. నెట్‌వర్కునకు కూడ అట్టి అలుగు ఉండవలెను. నూతన విధానమును వర్ణించు రచనలలో కేంద్రమునకు లభించు అధికారమును గూర్చి ఉన్నంత వివరణము, ఆ కేంద్రము లేనప్పటి స్థితిని గూర్చి కానరాదు. ఈ విధానముపై మోపవలసిన ముఖ్యమైన ఆక్షేపణ ఇదియే.

కేంద్రము ఉండి పొరబడినచో మరియొక అపాయము. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, వాట్సాప్ సేవలు ప్రపంచమంతట ఆరు గంటలకు పైగా నిలిచిపోయినవి. మరమ్మతు పనిలో ఇచ్చిన ఒక ఆజ్ఞ ఆ సంస్థ డేటా కేంద్రముల మధ్యనున్న సంబంధములను త్రెంచినది. అట్టి ఆజ్ఞలను తనిఖీ చేయవలసిన ప్రోగ్రాములో దోషముండుటచే అది ఆజ్ఞను ఆపలేదు. బాగుచేయుటకు ఇంజినీర్లు స్వయముగా యంత్రముల వద్దకు పోవలసి వచ్చినది. ఒక లాకు వద్ద లస్కరు పొరబడినచో ఒక ఊరి పొలము మునుగును. కేంద్రములో ఒక ఆజ్ఞ పొరబడినచో అన్ని ఊళ్లును ఒకేసారి చీకటిలో పడును.

ఏది తగిన మార్గము?

ఇన్ని దోషములున్నవి గనుక విధానమును త్రోసివేయవలెననుట సరికాదు. ప్రతి యంత్రమును దానిపాటికి విడిచిన పాత పద్ధతియు శివారు గ్రామమును సరిగా చూడలేదు. కావలసినది అధికారమును మెట్లుమెట్లుగా పంచుట. రాష్ట్రమంతటికి సంబంధించిన దారులను, సేవల గొలుసులను పెద్ద కంట్రోలరు నిర్ణయింపవచ్చును. మండల స్థాయిలో ఒక చిన్న కంట్రోలరు, ఒక చిన్న సర్వరు ఉండి, పై సంబంధము తెగినప్పుడు ఆ మండలములోని ఇండ్లు, ఆసుపత్రి, పోలీసు స్టేషను, సచివాలయము తమలో తాము మాటలాడుకొనునట్లు చూడవలెను. నాగాయలంకలోని రోగి నాగాయలంకలోని వైద్యుని పిలుచుటకు విజయవాడ అనుమతి అక్కర లేకుండవలెను.

రెండవది తీగల ఆకృతి. కాలువ వలె ఒకే దిక్కునకు పోయి ఆగు తీగ ఒకచోట తెగినచో దాని దిగువ అంతయు పోవును. వలయముగా నున్నచో రెండవ దిక్కు నుండి సేవ అందును. 2023 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన సవరించిన భారత్‌నెట్ పథకములో ఇట్టి వలయాకారమునకు ప్రాధాన్యమిచ్చుట మెచ్చదగినది. వలయమున్నచోటనే సాఫ్ట్‌వేరు నిర్దేశము తన శక్తిని చూపగలదు. ఒకే దారి యున్నచోట దారి ఎంచు మెదడునకు పనియేమి?

మూడవది మనుష్యుడు. ప్రోగ్రాము స్తంభమెక్కదు. తెగిన తంతువును అతుకు పెట్టువాడు ఊరి కేబులు ఆపరేటరు. కేంద్రపు తెరమీద నున్న వివరములలో అతనికి కావలసినవి అతని చేతిలోని ఫోనునకు తెలుగులో అందవలెను. దోషము ఎచ్చటనున్నదో కేంద్రమునకు తెలిసి, బాగుచేయువానికి తెలియనిచో ఆ తెలివి వ్యర్థము. ఇంటి పెట్టెకు, మండల కేంద్రమునకు బ్యాటరీ ఏర్పాటు కూడ సేవలో భాగమని గుర్తింపవలెను.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు ఈ విషయమును యంత్రములు లేకయే చూపవచ్చును. పన్నెండుమంది విద్యార్థులను గ్రామములుగా నిలిపి, ప్రక్కవారికి మాత్రమే చీటీలు అందింపవలెనని నియమము పెట్టవలెను. మొదట ఎవరి ఆలోచన ప్రకారము వారు చీటీలను నడుపవలెను. పిమ్మట ఒక విద్యార్థిని మధ్య నిలిపి అందరును అతని ఆజ్ఞ ప్రకారము నడుపవలెను. చీటీలు వేగముగా, వరుసగా చేరుట కనబడును. అప్పుడు హఠాత్తుగా మధ్యవానిని గది బయటికి పంపి, ఒక క్రొత్త చీటీ ఇచ్చి ఏమగునో చూడవలెను. చివరగా నలుగురికొక నాయకుని ఏర్పరచి మరల ప్రయత్నింపవలెను. ఏ పద్ధతి ఎప్పుడు మంచిదో విద్యార్థులే చెప్పగలరు.

సేవల పంపిణీని తూచుటకు కేంద్రములోని తెర సరియైన కొలత కాదు. డెల్టాలో నీటి పంపిణీ బాగున్నదా లేదా అని తెలియుటకు బ్యారేజి వద్ద మట్టము చూచిన చాలదు. శివారు చేనిలో నాటు పడినదా అని చూడవలెను. అట్లే ఈ నూతన విధానమునకు పరీక్ష గాలివాన రాత్రి శివారు ఇంటిలో మ్రోగు టెలిఫోను. ఆ పరీక్షలో గెలుచునట్లు నిర్మించినచో ఈ రెండు భావముల కలయిక డెల్టాకు మేలు చేయును. లేనిచో ప్యాకెట్లకు దారి తెలిసిన నెట్‌వర్కే యుండును గాని, ఆపదలో పిలిచినవారికి పలుకు నెట్‌వర్కు ఉండదు.